పంజా నొప్పి

ఉదయం 5.40కి వరంగల్ స్టేషన్లో దిగాం. ఏడుగురం. సైన్యంలో భర్తీల డ్యూటీ, ఇరవై ఒక్క రోజులు. డెబ్బైల చివర, మే నెల. సామాను: తూకం యంత్రం ఒకటి, కొలత టేపులు మూడు, మందుల పెట్టె ఒకటి. పెట్టె నాది. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని, పైగా ఇదే ఊళ్లో నేతగాళ్ల పేట కొత్తవాడ వాణ్ణి. సొంతూళ్లో సైనికుడి గౌరవం ఎంతో మొదటి రోజే తెలిసింది. మా అమ్మ టిఫిన్ గిన్నెతో వచ్చి, గేటు దగ్గర సెంట్రీని "జర పక్కకు జరుగు బిడ్డా" అంది. తుపాకీతో సహా జరిగాడు.

పని ఛాతీలు కొలవడం. మా సుబేదారుది కరీంనగర్ వైపు. ఆయన "పీల్చు" అంటే వరుసలో లేనివాళ్లు కూడా గాలి పీల్చేవాళ్లు. వారం తిరిగేసరికి ఛాతీ గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను.

తొమ్మిదో రోజు, 11.20. క్యాంపుకి జంపఖానాలు వచ్చాయి. నేసింది మా వీధి మల్లయ్య మామ. రిక్షా దిగి గుడారం నీడలో కూలబడ్డాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది.

"ఏమైంది మామా?"

"ఏం లేదు అల్లుడా, పంజా నొప్పి. ఒక సోడా తెప్పియ్యి, పోతది."

పంజా అంటే జంపఖానా పోగుల్ని కొట్టి బిగించే ఇనుప పళ్ల దువ్వెన. కొత్తవాడలో మెడకీ నడుముకీ మధ్య ఏ నొప్పి వచ్చినా అది పంజా నొప్పే. మా నాన్నకూ అదే, తాతకూ అదే. నేనూ సోడాకి మనిషిని పంపబోయాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

"ఎక్కడ నొప్పి?"

వేలితో చూపించలేదు. కుడి పిడికిలి బిగించి రొమ్ము నడుమ ఆనించాడు. "ఈడ బండ వెట్టినట్టున్నది. ఈ రెక్క గూడ గుంజుతాంది." అది ఎడమ చెయ్యి.

"పంజా ఏ చేత్తోని కొడతవ్?"

"కుడి చేత్తోని. నీకు తెల్వదా?"

"మరి ఎడమ రెక్క ఎందుకు గుంజుతాంది?"

మామ రెండు చేతుల్నీ మార్చి మార్చి చూసుకున్నాడు. నీడలో కూర్చున్నా చెమట ఆగలేదు. నాకు భయమేసింది. ఒక్క అడుగు కూడా వెయ్యొద్దని చెప్పి, జంపఖానా పరిచి పడుకోమన్నాను.

"కొత్తది. మరక పడుతది. ఆఫీసర్లు పండేది," అని మొరాయించాడు.

సుబేదారు వచ్చాడు. "పండు."

మామ పడుకున్నాడు. వరుసలోని ఇద్దరు అభ్యర్థులు కూడా పడుకున్నారు.

జంపఖానా నాలుగు కొసలూ పట్టి మామను జీపులోకి ఎక్కించాం. 11.50కి దవాఖాన. గుండెపోటన్నారు డాక్టరు. "సోడా తాగి ఇంటికి పోయుంటే అటే పోయేటోడు," అన్నారు.

ఇరవై ఒకటో రోజు, రైలెక్కే ముందు వార్డుకు వెళ్లాను. మామ మంచం మీద కూర్చుని ఉన్నాడు. బతికించినందుకు ఒక్క మంచి మాట లేదు. "మరక పోయిందా?" అనడిగాడు.

పోలేదు. పదిహేనేళ్ల సర్వీసులో చాలా చూశాను, చాలా మరిచిపోయాను. ఇప్పటికీ ఎవరైనా "గ్యాసే" అంటే ముందు చెయ్యి ఎక్కడుందో చూస్తాను. నాకు కనిపించేది ఆ జీపే. మామ కుడి పిడికిలి రొమ్ము మీద ఉంది. గుంజుతున్న ఎడమ చేత్తో, జంపఖానా అంచు మడత పడకుండా సాపు చేస్తున్నాడు.