తలుపు వెనక నా గొంతు

నేను ఏడో తరగతి మూడేళ్లు చదివానండి. తెనాలిలో అంత క్షుణ్ణంగా చదివినవాడు ఇంకొకడు లేడు. అలాంటి నా గొంతును మా అన్న కూతురు శిరీష తన పీహెచ్‌డీ కోసం రికార్డు చేసుకుంది. మనం మాట్లాడుకునే తీరులో పాఠం చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుందా అన్నది ఆమె పరిశోధనట. కాగితాలు చదవకుండానే సంతకం పెట్టేశాను.

ఆర్నెల్ల తర్వాత చెరుకుపల్లి దగ్గర ఒక బడికి నా ఆటోలో పుస్తకాలు తీసుకెళ్లాను. వరండా చివర మూసిన గదిలోంచి నా గొంతే వినపడింది.

"ఏంటమ్మా, అర్థం కాలేదా?"

"లేదు మావయ్యా," అంది ఓ పిల్ల.

"పర్లేదు కరుణా, మళ్లీ చెబుతా."

ఆ పేరు నేనెప్పుడూ పలకలేదు. ఆ భిన్నాల లెక్క నాకు రానే రాదు! నేను గానీ పోయానా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాను. తలుపు సందులోంచి చూస్తే పిల్ల ముందు ట్యాబ్ ఉంది, మనిషి లేడు. ఆ ట్యాబే అదే లెక్క నాలుగోసారి చెబుతోంది. గొంతు నాదే, ఆ ఓపిక మాత్రం నాది కాదు.

శిరీషకు ఫోన్ చేశాను. "యంత్రం నీ గొంతు నేర్చుకుంది బాబాయ్. వద్దంటే తీసేస్తా," అంది.

ఇంటికొచ్చి, జరిగింది చెప్పి, తీయించెయ్యమంటావా అని మా ఆవిణ్ణి అడిగాను.

"నాలుగుసార్లు అడిగినా విసుక్కోలేదా? దాన్ని ఇంటికి పంపించమను, నువ్వెళ్లి ఆ ట్యాబ్‌లో ఉండు," అంది.