అశ్వత్థప్ప పంపిన అంకెలు

నగర్తపేటలో ఒక ఇరుకు మేడ మీది గదిలో అశ్వత్థప్ప నలభై యేళ్ళు వెండి పని చేశాడు. గ్యాసు మంటలు వచ్చి చాలాకాలమైనా ఆయన నోటితో ఊదే గొట్టాన్ని వదలలేదు. ఆ ఊదడంలో ఒక కిటుకుంది. బుగ్గల్లో నిలిపిన గాలి గొట్టంలోకి పోతూండగానే ముక్కు కొత్త గాలిని లోపలికి తీసుకోవాలి, మంట వణకకూడదు. వణికిందా, టంకం పక్కకు పారుతుంది. అంతటి ఊపిరి ఆయనకు ఎదురు తిరిగితే, ఇరుగుపొరుగువారు విధి అన్నారు. మూసిన గదిలో వెండి కడిగేటప్పుడు లేచే ఆసిడ్ పొగకు విధి అని పేరు పెట్టడం అనవసరం.

నిరుడు వానాకాలంలో న్యుమోనియా ముదిరి ఐసీయూలో నలభై ఒక్క రోజులున్నాడు. గొంతు దగ్గర కోసి, గొట్టం పెట్టి, యంత్రంతో ఊపిరాడించారు. ఇంటికి వచ్చాక చెంచా పట్టడం, పదడుగులు వేయడం మళ్ళీ నేర్చుకున్నాడు. అలుపుకూ ఆయాసానికీ ఉన్న దూరం నిఘంటువులో కనబడదు. మెట్ల మీద కనబడుతుంది.

నగరం ఆ చివర బెళ్ళందూరులో ఉద్యోగం చేసే కూతురు సహన ఒక షరతు పెట్టింది. రోజూ పొద్దున పని గది మెట్లెక్కి, ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెట్టుకొని, ఫొటో పంపాలి. నెల రోజులు తొంభై నాలుగుకు తగ్గకపోతే మళ్ళీ కుంపటి ముందు కూర్చోవచ్చు. తగ్గితే గది ఖాళీ చేయవలసిందే.

మొదటి రోజే ఎనభై తొమ్మిది వచ్చింది. ఆయన భార్య వైపు తిరిగాడు.

"నీ వేలు ఇట్లియ్యే, ఒక్క నిమిషం."

"పెండ్లినాడు పట్టుకున్నది, మళ్ళా ఇప్పుడు గుర్తొచ్చెనా?" అంది భాగీరథమ్మ, వేలు చాపుతూ.

ఇద్దరి వేళ్ళకూ ఆసిడ్ మరకలు ఒకేలా ఉండడంతో సహన పోల్చుకోలేదు. తొంభై ఏడు వెళ్ళింది. రెండో వారానికి తొంభై ఆరు, మూడో వారానికి తొంభై అయిదు. దిగుతుంటేనే నిజంలా ఉంటుందని అశ్వత్థప్ప సంతోషించాడు. ఆయన మెట్ల మీద ఆగినప్పుడల్లా వెనక ఆమె కూడా ఆగేది. తన కోసమే అనుకున్నాడు.

ఇరవై ఆరో రోజున ఆగకుండా పైదాకా ఎక్కాడు. గొప్ప చెప్పుకుందామని వెనక్కి తిరిగితే, ఆమె సగం మెట్ల దగ్గర గోడకు చేయి ఆనించి కూర్చుని ఉంది. ఆమె మెల్లగా పైకి వచ్చాక వేలికి క్లిప్పు పెట్టాడు. తొంభై ఒకటి. బ్యాటరీ మార్చాడు. తొంభై.

"మిషన్ చెడిపోయి ఉండాది," అంది ఆమె.

తన వేలికి పెట్టుకున్నాడు. తొంభై నాలుగు, ఆయన కోరుకున్న అంకె, తొలిసారి తన సొంతం.

"నీదే పంపు. ఇంక నాలుగు దినాలే కదప్పా," అని ఆమె నవ్వబోయి దగ్గింది.

అశ్వత్థప్ప మూలనున్న ఆసిడ్ తొట్టి వైపు చూశాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, ఆ తరువాతా, వాడుకగా వచ్చే కాలిపట్టీలను ఆసిడ్‌లో కడిగింది ఆమే. వాసన వస్తోందని కిందివాళ్ళు గొణిగితే కిటికీ మూసుకొని మరీ కడిగింది.

ఆయన కుంపటి వైపు ఒక్కసారి చూసి, క్లిప్పు తీసి మళ్ళీ ఆమె వేలికి పెట్టి, ఫోన్ చేశాడు.

"సహనా, ఇన్నాళ్ళూ పంపింది నా వేలు కాదమ్మా. మీ అమ్మది."



"ఈ రోజు అమ్మది ఎంత నాయనా?"

తొంభై అనబోయి, ఆమె వేలికున్న క్లిప్పు వైపు చూశాడు. అంకె మళ్ళీ మారింది, ఎనభై తొమ్మిది.