ట్యాంకరు నిండా నీళ్లున్నాయని చాటింపు

1978 మే 14, ఆదివారం, మధ్యాహ్నం మూడున్నర. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు ఆవరణలో నిలబడి, చేతికి వాచీ పెట్టుకుని, ఒంటి మీద పూర్తి స్పృహ ఉండగానే, నేను నా తమ్ముడి ఉద్యోగాన్ని బిందెలతో కొలిచి ఊరికి పంచిపెట్టాను. అంతటి ఘనకార్యం మా వంశంలో అంతకుముందు ఎవరూ చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. చేయాలనుకున్నా, అన్ని నీళ్లు మా వైపు మళ్లీ ఒకచోట చేరలేదు.

నేను అప్పుడు ఆ మిల్లులోనే లెక్కలు రాసేదాన్ని. నేను గేటు దాటడం చూసి మేనేజరు గోడ గడియారం సరిచేసుకునేవాడు. నా కూడికలో తప్పు పట్టినవాడు ఆ మిల్లులో పుట్టలేదు. ఇది గొప్పకు చెప్పుకోవడం కాదు. ఎంత ఎత్తు నుంచి పడ్డానో మీకు తెలియకపోతే పడిన చప్పుడు వినపడదు కదా, అందుకని.

మా సొంత ఊరు ఎమ్మిగనూరు. ఇంట్లో గుంట మగ్గం. మా తమ్ముడు వీరేశుకు ఆ గుంటలో కాళ్లు దించి కూర్చోవడమంటే బతికుండగానే నడుము దాకా పూడ్చిపెట్టినట్టు ఉండేది. వాడికి ఫైర్‌మన్ కావాలని కోరిక. ఆ ఏడు దాటితే వయసు మించిపోతుంది. మా నాయన కూడా దారం తెంపినట్టు ఒక్క మాట చెప్పేశాడు: "ఈ ఒక్క తూరి పోయి రా. నౌకరీ కాల్యా అంటే వచ్చి మగ్గంలో దిగు. మళ్లా ఆ మాట నా ముందర ఎత్తొద్దు."

అందుకని వాడు ఆదోనిలో నా దగ్గర చేరి, ఖాదర్ సాబ్ దగ్గర శిక్షణకు పోయేవాడు. సాబ్ జీవితమంతా మంటలు ఆర్పి రిటైరైన మనిషి. కనుబొమలు ఎప్పుడో ఏదో మంటకు ఇచ్చేసినవి తిరిగి రాలేదు. సెలవు రోజుల్లో మా మిల్లు ఆవరణలో పదిమంది కుర్రాళ్లకు గొట్టం చుట్టడం, నిచ్చెన ఎక్కడం, సొమ్మసిల్లిన మనిషిని భుజాన వేసుకుని దిగడం నేర్పేవాడు. సొమ్మసిల్లిన మనిషి పాత్రకు ఊక కుక్కిన గోనెసంచిని కుట్టి ఇచ్చింది నేనే. దానికి మా నాయన పాత చొక్కా కూడా తొడిగాను. వీరేశు దాన్ని భుజాన వేసుకుని దిగుతుంటే, మా నాయనను మోసుకొస్తున్నట్టే ఉండేది.

శిక్షణ చివర ఒక పరీక్ష పెట్టాడు సాబ్. నిజంగానే గుడిసె కట్టి, నిజంగానే నిప్పు పెట్టి, కుర్రాళ్ల చేత ఆర్పించడం. చూడడానికి కర్నూలు నుంచి ఆయన పాత ఆఫీసరు వస్తానన్నాడు. పని బాగుంటే ఒక్కొక్కరికి ఒక సిఫారసు కాగితం మీద సంతకం పెడతాడు.

"ఆ దస్కత్ ఉంటే సగం నౌకరీ వచ్చినట్టే బేటా" అన్నాడు సాబ్ వీరేశుతో. "నీకు వాల్వు ఇస్తాండా. ట్యాంకరు కాడ నువ్వే. నేను సెప్పందే బొట్టు నీళ్లు బయటికి పోగూడదు."

ఏర్పాట్లు నాకు అప్పగించారు. నాకు కాక ఇంకెవరికి అప్పగిస్తారు. తడికెలు, పత్తి కంప తెప్పించి గుడిసె వేయించి, లోపల గోనె మనిషిని పడుకోబెట్టించాను. మిల్లు సైకిళ్ల షెడ్డుకు తగినంత దూరం టేపు పెట్టి కొలిచాను. ఊరి బయట తోట బావి నుంచి ట్రాక్టరు ట్యాంకరు మాట్లాడాను.

"ఆదోనిలో మిల్లు దిక్కు పొగ కనపడితే ఊరంతా ఉరికొస్తాది" అన్నాడు సాబ్. "ముందే చాటింపు ఏపించమ్మా మాదేవీ."

మాదేవి నా పేరు. చాటింపు తిమ్మప్పను పిలిపించి, చెప్పవలసిన మాటలు రాయించి, రెండుసార్లు వల్లె వేయించాను. రేపు నాలుగింటికి మిల్లులో గుడిసె కాలుతుంది, అది నేర్పడానికి కాల్చేది, ఎవరూ భయపడవద్దు. సాబ్ చెప్పమన్నది అంతే. కానీ సగం మాట చెప్పి ఊరుకోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. జనానికి పూర్తి ధైర్యం ఉండాలని నేను ఇంకో మాట కలిపాను: ట్యాంకరు నిండా నీళ్లు సిద్ధంగా ఉన్నాయి.

ఆ మే నెలలో మా వీధి కొళాయికి వారానికొకసారి నీళ్లు వస్తే హారతి ఇచ్చేవాళ్లం. అలాంటి ఊళ్లో తిమ్మప్ప మొదటి మూడు మాటలు దగ్గినట్టు గబగబా చెప్పి, చివరిదాన్ని సందు సందులో సాగదీశాడు: "ట్యాంకరు నిండా నీళ్లుండాయహో."

ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టు అని సామెత. మేము అంత తెలివితక్కువవాళ్లం కాదు. బావి ముందే తవ్వుకున్నాం. తవ్విన సంగతి ఊరికి చాటుకున్నాం.

మరుసటి రోజు మూడింటికల్లా ఆవరణ నిండిపోయింది. మగవాళ్లు సైకిళ్లు షెడ్డులో పెట్టి గోడల మీద ఎక్కి కూర్చున్నారు. ఆడవాళ్లు గుడిసె వైపు చూడనైనా చూడలేదు. నేరుగా ట్యాంకరు చుట్టూ మూగారు. సాబ్ పూలదండ పట్టుకుని, ఆఫీసరు జీపు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. వాల్వు దగ్గర వీరేశు, కొత్త ఖాకీ బట్టల్లో, పెళ్లిపీటల మీద దొంగలా బిక్కమొగం వేసుకున్నాడు.

"మాకిన్ని నీళ్లు ఇయ్యప్పా" అంది మా పక్కింటి హుసేనమ్మ. మా వీధి కొళాయి దగ్గర ఆమె మాటే చట్టం.

"ఇవి మంట ఆర్పేకి అక్కా. తాగేకి కాదు."

"ఉత్తుత్తి గుడిసెకు నీళ్లుంటాయి, మా పిల్లోల్ల గొంతులకు ఉండవా? గుడిసెకేమన్నా దూప అయితాందా?"

జనం తోసుకున్నారు. ఒక చంటిపిల్లవాడు ట్రాక్టరు చక్రం కిందికి దూరాడు. నేను ఆకలినైనా చూస్తూ ఉండగలను గానీ అడ్డదిడ్డంగా నిలబడిన జనాన్ని చూస్తూ ఉండలేను. వాచీ చూశాను. మూడున్నర. మనసులో లెక్క కట్టాను. ట్యాంకరులో రెండు వందల బిందెల నీళ్లు. మంటకు సగం చాలని సాబే చెప్పాడు. అంటే వంద బిందెలు మిగులే. మనిషికి ఒకటి పోస్తే అరగంటలో జనం ఇళ్లకు పోతారు, నాలుగింటికి ఆవరణ శుభ్రంగా ఉంటుంది, ఆఫీసరు మెచ్చుకుంటాడు.

"వరస పెట్టండి" అన్నాను. "వరసలో ఉన్నోళ్లకే పోస్తాం."

ఆదోని ఆడవాళ్లకు వరస పెట్టడం ఎవరూ నేర్పనక్కర్లేదు. కన్ను మూసి తెరిచేలోపు వరస తయారైంది. నేను చివరి దాకా నడిచి లెక్కపెట్టాను. ఎనభై ఆరు. వందకు లోపలే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"తిప్పురా వీరేశూ" అన్నాను.

"సాబ్ సెప్పందే తిప్పొద్దు అన్నాడక్కా."

"నేను లెక్క సూసినా. తిప్పు."

పుట్టినప్పటి నుంచి వాడు నా మాట కాదని ఎరగడు. తిప్పాడు.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి మీకు చెప్పాలి. కొళాయి వరసలో మనిషి నిలబడదు. ఆమె తరఫున ఒక వస్తువు నిలబడుతుంది. డాల్డా డబ్బా, చిల్లు చెంబు, ఇటుక, ఒంటి చెప్పు, ఏదైనా సరే. దాన్ని జరిపే హక్కు దేవుడికి కూడా లేదు. వంతు వచ్చినప్పుడు ఆ వస్తువును తీసి పక్కన పెట్టి, అసలు పాత్రను తెస్తారు. ఇది నాకు తెలియదా అంటే, మా వీధి వరసలో నా డాల్డా డబ్బా ఆరేళ్లుగా నాకోసం నిలబడుతోంది. అయినా ఆ రోజు నేను వరసలో ఉన్న ప్రతిదాన్నీ ఒక బిందెగా లెక్కవేశాను. చెప్పులో ఎన్ని నీళ్లు పడతాయని ఒక్క క్షణం ఆలోచించినా మా తమ్ముడు ఈ రోజు పింఛను తీసుకుంటూ ఉండేవాడు.

నేను వరస చివర ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఒక ఇటుక తగువు తీరుస్తున్నాను. అటు వరస మొదట్లో, డబ్బా పోయి గంగాళం వచ్చింది. చెప్పు పోయి పెళ్లికి అన్నం వండే డేగిసా వచ్చింది. ఇటుక వెనకాల ఇద్దరు మగవాళ్లు తారు డ్రమ్ము దొర్లించుకొచ్చారు.

"అక్కా" అని అరిచాడు వీరేశు. "గంగాళాలు వస్తాండాయి."

"లెక్క నాకు తెల్సు" అన్నాను వెనక్కి తిరగకుండానే. "నువ్వు పోస్తాండు."

నాలుగింటికి జీపు వచ్చింది. సాబ్ దండ వేశాడు. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. సాబ్ నా దగ్గరికి వచ్చి, బిందెలు మోసుకుపోతున్న ఆడవాళ్లను చూసి నీరుకారిపోయాడు.

"మాదేవమ్మా, నీళ్లు?"

"సగానికి పైగా ఉండాయి సాబ్. లెక్క సూసినా."

పాపం, ఆయన కూడా నా లెక్కను నమ్మినవాడే. పోయి గుడిసెకు నిప్పు పెట్టాడు.

పత్తి కంప ఎలా అంటుకుంటుందో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కుర్రాళ్లు గొట్టం పరిచారు, పంపు ఆడించారు. గొట్టం ఒకసారి ఉబ్బింది. చుట్ట తాగే ముసలాయనలా దగ్గింది. చెంబెడు నీళ్లు, కొంచెం నాచు, ఒక చిన్న కప్ప బయటికి వచ్చాయి. ఆ కప్ప మంటను చూసి, మా అందరికంటే ముందుగా పరిస్థితి అర్థం చేసుకుని, గొట్టంలోకే తిరిగి దూరింది.

"వీరేశూ, నీళ్లు" అన్నాడు సాబ్.

"అయిపోయినాయి సాబ్."

అంతలో గాలి తిరిగింది. నేను టేపుతో దూరం కొలిచాను గానీ గాలిని కొలవలేదు. సైకిళ్ల షెడ్డు కప్పు అంటుకుంది.

నేను బిందెలు మోసుకుపోతున్న వాళ్లకు అడ్డం పరిగెత్తాను. "హుసేనమ్మక్కా, ఆ గంగాళం ఇట్ల కుమ్మరియ్యి. కాలిపోతాంది."

హుసేనమ్మ ఆగి తీరిగ్గా చూసింది. "కాలేకే కదా కట్టినారు. భయపడొద్దని నువ్వే చాటింపు ఏపిస్తివి."

"ఇది నేర్పేది కాదక్కా. నిజం మంట."

"ఆ మాట తిమ్మప్ప సెప్పల్యా."

గోడ మీద ఉన్న ఆమె మొగుడు అప్పుడు కేక వేశాడు: "ఏమే, మన సైకిలు ఆడనే ఉండాది." హుసేనమ్మ గంగాళం ఎత్తుకుని ఉరికింది. నీళ్లు కుమ్మరించింది. షెడ్డు మీద కాదు, తన మొగుడి సైకిలు మీద. ఆమెను చూసి మిగిలినవాళ్లూ వచ్చారు. ఎవరి సైకిలు మీద వాళ్లు పోసుకున్నారు. పక్క సైకిలుకు చుక్క చిందినా ఉరిమి చూశారు. పొరుగువాడి ఇల్లు కాలితే చుట్టకు నిప్పు అడిగేవాడు ఒకడుంటాడంటారు. ఆ రోజు నిప్పు అడిగినవాడు లేడు, అందరికీ నిప్పు సరిపడా ఉంది. సైకిళ్లు చాలావరకు దక్కాయి. షెడ్డు దక్కలేదు.

ఈ గొడవ మధ్యలో మా వీరేశు నేర్చుకున్న పాఠం మరిచిపోలేదు. మండుతున్న గుడిసెలోకి వంగి వెళ్లి, గోనె మనిషిని భుజాన వేసుకుని, నేర్పినట్టే మోకాళ్లు వంచి, నేర్పినట్టే అడుగులు వేసి, తెచ్చి ఆఫీసరు కాళ్ల ముందు పడుకోబెట్టాడు. గోనె మనిషి అప్పటికి సగమే ఉన్నాడు. వాడు బరువు మోసిన తీరు చూసి ఆఫీసరు తల ఊపాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడు ఆయన ఖాళీ ట్యాంకరు వైపు చూశాడు.

"వాల్వు దగ్గర ఎవరు?"

"నేనే సార్" అన్నాడు వీరేశు.

"ఎవరు చెప్తే తిప్పావు?"

నేను నోరు తెరిచాను. వీరేశు నా వైపు చూడనైనా లేదు. "ఎవరూ సెప్పల్యా సార్. నేనే తిప్పినా."

"కాదు సార్, నేను" అన్నాను. "నేనే తిప్పమన్నా."

ఆఫీసరు మా ఇద్దర్నీ చూశాడు. కోపం లేదు ఆయన ముఖంలో. కోపం ఉన్నా బాగుండేది, బతిమాలుకునేదాన్ని. "ఎవరు చెప్పినా తిప్పింది ఇతనే కదమ్మా. మంటలోకి దూకేవాళ్లు నాకు దొరుకుతారు. వాల్వు కాపాడేవాడు కావాలి" అన్నాడు. మిగతా తొమ్మిది కాగితాల మీద సంతకం పెట్టాడు. పదోది మడిచి సాబ్‌కు ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఇద్దరికీ తాగడానికి నీళ్లు లేవు. వీరేశు ఖాకీ బట్టలతోనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేనూ వాడికి ఎదురుగా కూర్చున్నాను. తలుపు కొట్టిన చప్పుడైంది. హుసేనమ్మ, చేతిలో చెంబు.

"మీ నీళ్లే మాదేవక్కా. తియ్యగుండాయి. తాగండి" అంది. "మళ్లా ఎప్పుడు కాలుస్తారో ముందే సెప్పు. ఈ తూరి మా చెల్లెల్ని కూడా పిలిపిస్తా."

వీరేశు ముందు నవ్వాడు. తర్వాత మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. ఆ చెంబు నీళ్లు ఇద్దరం తాగాం. తియ్యగానే ఉన్నాయి. అదే నాకు ఈనాటికీ మింగుడుపడని సంగతి.

ఎంపికకు వాడు సంతకం లేకుండానే పోయాడు, సంతకం లేకుండానే తిరిగి వచ్చాడు. మరుసటి నెలలో ఎమ్మిగనూరులో మగ్గం గుంటలో దిగాడు. ఇప్పటికీ మా ఇంటికి వస్తే చెప్పులు విప్పకముందే కొళాయి దగ్గరికి పోయి, గట్టిగా కట్టేసి ఉందో లేదో చూసి వస్తాడు. "ఏం రా" అంటే "ఏం లేదక్కా" అంటాడు.

కనుక అగ్నిదేవుడు, వరుణదేవుడు, హుసేనమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ చోట నీళ్లున్నా ఉన్నాయని చెప్పను. వరసలో చెప్పు కనిపిస్తే దాన్ని చెప్పుగానే లెక్కపెడతాను. నా లెక్కను నమ్మి ఎవరైనా నిప్పు పెడతానంటే, ముందు ట్యాంకరు తట్టి చూడమంటాను.

ఆ రోజు పోయినవి ఇవి:

గుడిసె ఒకటి. అది పోవడానికే కట్టింది.
గోనె మనిషి, నడుము దాకా. మా నాయన చొక్కా, మొత్తం.
సైకిళ్ల షెడ్డు ఒకటి, భార్యలు రాని సైకిళ్లు మూడు.
నీళ్లు రెండు వందల బిందెలు, ఒక చెంబు తక్కువ.
సంతకం ఒకటి.