వకీలు వాటా మీద నానమ్మ పట్టు

మా నానమ్మ దగ్గిందంటే జడ్జిగారు లేచి నిలబడాల్సిందే. చూడబోతే జానెడు మనిషి. బట్టలు కుట్టీ కుట్టీ వీపు వంగిపోయింది. కళ్లజోడుకు మిగిలింది ఒకటే కాడ, రెండోవైపు కుట్టుదారం. ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి మా నాన్న పోయాడు. యాజమాన్యం రాజీకొచ్చి, జడ్జిగారు ఖాయం చేసిన నష్టపరిహారం కోర్టులో కట్టింది. ఐదో వంతు చాలన్న మా వకీలు, తీరా డబ్బొచ్చాక సగం కావాలన్నాడు. అప్పటినుంచి ప్రతి వాయిదాకూ నానమ్మ అందరికంటే ముందే వెళ్లి, ముందు బల్ల మీద కూర్చుని, కాజాలు కుట్టుకుంటూ పిలుపు కోసం చూసేది.

నిన్న జడ్జిగారు, "ఫీజు గొడవ మీరూ మీరూ చూసుకోండమ్మా," అన్నారు. నానమ్మ సూదిని బట్టకు గుచ్చి లేచింది. "నా కొడుకు ప్రాణానికి ఇంతని ఖాయం చేసింది తమరే కదయ్యా! అందులోంచి ఈయన ఎంత కోసుకోవాలో మాత్రం తమరు చెప్పకూడదా?" వకీలు నవ్వబోయాడు. జడ్జిగారు నవ్వలేదు. ఫీజు తానే తేలుస్తానని, అందాకా ఆ డబ్బు ఎవరూ ముట్టుకోకూడదని రాయించారు.

మెట్లు దిగుతుంటే, "డబ్బొస్తే నాకు బండి కొంటావా నానమ్మా?" అని ఆటపట్టించాను.

"అది మీ నాన్న ప్రాణంరా. నోరు మూసుకుని, మానేసిన ఆ బడికి పో," అంది.