నాన్న చేతిలోంచి లాక్కున్న గ్లాసు

మొన్న బాపట్లలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా ముందు స్టీలు గ్లాసు పెట్టి, సగం దాకా నీళ్లు పోసి, కుడిచేత్తో మెల్లగా ఎత్తమంది. ఈ వయసులోనూ మనవరాళ్ల గౌన్లు కుడుతూ, తీరిక దొరికితే సెల్‌ఫోను నొక్కుతూ, బొటనవేలి మొదట్లో నొప్పి తెచ్చుకున్నాను. నరం పట్టేసిందమ్మా అని చెప్పుకుంటే ఆ పిల్ల నవ్వింది.

"నరం కాదండి ఆంటీ, దీన్ని టెండన్ అంటారు. కండని ఎముకకి కట్టి ఉంచే తాడనుకోండి. అదేపనిగా వాడితే లోపల పోగులు చెదిరిపోతాయి. అలాగని అస్సలు వాడకపోయినా నీరసపడిపోద్ది. కొంచెం కొంచెంగా బరువు అలవాటు చెయ్యాలండి, అంతే."

ఆ తర్వాత ఆమె ఇంకా ఏదో చెప్పింది గాని నా చెవికెక్కలేదు. ఆ గ్లాసు వంకే చూస్తూ కూర్చుండిపోయాను.

మా నాన్న తెనాలిలో టైలరు. మిషను మీద కుట్టేది మా చిన్నాన్న, కాజాలూ గుండీలూ అమ్మవీ నావీ, కత్తెర మాత్రం నాన్నది. మోచేతి పొడవున్న ఆ ఇనప కత్తెరతో ఆరేడు మడతల గుడ్డని ఒక్క ఊపున కోస్తుంటే, బల్ల మీద కరకరమని వినిపించే ఆ చప్పుడు కొట్టు బయట నడిచేవాళ్లకి కూడా తెలిసేది. ఆ రోజుల్లో కొలతలిచ్చి బట్టలు కుట్టించుకున్న మీలాంటి వాళ్లకి ఆ చప్పుడు గుర్తుండే ఉంటుంది. మా కొట్లో ఒక నియమం ఉండేది. కత్తెరని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు, బల్ల మీద పెడితేనే రెండోవాళ్లు తీసుకోవాలి, లేకపోతే ఇద్దరికీ తగవొస్తుందనేవారు. దేన్నయినా నవ్వులాటగా తీసుకునే నాన్న కత్తెర దగ్గర మాత్రం ఖచ్చితంగా ఉండేవారు.

బళ్లు తెరిచే ముందు యూనిఫారాల పని మీదపడినప్పుడల్లా ఆయన మణికట్టు దగ్గర వాచేది. ఒక గుడ్డపీలిక బిగించి కట్టుకుని, పని చేస్తుంటే అదే సాగుతుందిలే అనేవారు. అలా రెండేళ్లు నెట్టుకొచ్చారు. చివరికి తన చొక్కా గుండీ తాను పెట్టుకోలేకపోతున్నారని చూసి అమ్మ బెంబేలెత్తి, సంగం జాగర్లమూడిలో నరాలు సరిచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన వేడి నూనె పోసి మర్దనా చేసి, బొటనవేలు పట్టుకుని ఒక్క గుంజు గుంజి, కట్టు కట్టి, మూడు నెలలు ఈ చెయ్యి కదపడానికి వీల్లేదన్నాడు.

ఆయన చెప్పింది ఒకటైతే మేం పాటించింది పది. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు, నాన్నంటే ప్రాణం. అన్నం కలిపి ముద్దలు పెట్టాను, గుండీలు పెట్టాను, తువ్వాలు కూడా నేనే పిండాను. కట్టు విప్పాక కూడా నాన్న దాహమేసి కుడిచెయ్యి చాపితే చాలు, ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి గ్లాసు లాక్కుని నేనే తాగించేదాన్ని.

"మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వవేంటే?" అని నాన్న నవ్వితే, "నోర్మూసుకుని తాగు నాన్నా" అని గదిమి, చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకుంటుంటే మురిసిపోయేదాన్ని. ఆ చెయ్యి రోజురోజుకీ సన్నబడుతుంటే వాపు తగ్గిందనుకున్నాను. అంత మూర్ఖురాలిని.

మూడు నెలలకి నొప్పి మాయమైంది. సరిగ్గా అప్పుడే రేపల్లె నుంచి ఒక బడి యూనిఫారాల పని వచ్చింది. నాన్న తలంటు పోసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, పెళ్లికొడుకులా బల్ల ముందు నిలబడ్డారు. అలవాటు తప్పిందని రెండు మడతలతో మొదలుపెడదామన్న ఆలోచన ఆయనకీ రాలేదు, మాకూ రాలేదు. ఖాకీ గుడ్డ ఎనిమిది మడతలు వేసి కత్తెర ఆడించారు. చాలా రోజులకి విన్న ఆ చప్పుడుకి అమ్మ కళ్లొత్తుకుంది. మధ్యాహ్నం దాటాక చప్పుడు ఆగిపోయింది. చూస్తే నాన్న తన చేతిని తానే వింతగా చూసుకుంటున్నారు. కత్తెర మూసుకుంటోంది గాని తెరుచుకోవడం లేదు. బొటనవేలు పైకి లేవడం లేదు.

పెద్దగా నొప్పి లేదన్నారు, అదే మా కొంప ముంచింది. మళ్లీ నూనె, మళ్లీ కట్టు. నెల పోయాక గుంటూరు తీసుకెళితే, వేలిని ఎత్తే తాడు ఏళ్ల తరబడి అరిగి అరిగి తెగిపోయిందని, తెగిన కొసలు లోపలికి లాక్కుపోయాయని డాక్టరు చెప్పారు. మద్రాసు వెళితే ఇంకో వేలి తాడు తెచ్చి అతుకుతారన్నారు. ఉన్న వేళ్లు ఉండనివ్వండి బాబూ అని నాన్న లేచి వచ్చేశారు.

మర్నాడు పొద్దున్న ఆయన కత్తెరని ఎడంచేత్తో తెచ్చి బల్ల మీద పెట్టి, పిడి నా వైపు తిప్పి, వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. నేను తీసుకున్నాను. ఆ రోజు ఒక నిక్కరు కాలు పొట్టిగా కోసేశాను. మునుపైతే వీధి అదిరేలా అరిచేవారు, ఆ రోజు చూసి కూడా తల తిప్పుకున్నారు. నాకు ఆ తిట్లు కావాలనిపించింది. పోయేదాకా ఆయన ఆ కుడిచేతిని తువ్వాలు కింద దాచుకునే కూర్చున్నారు.

ఇప్పుడు యూనిఫారాలు కవర్లలో వస్తున్నాయి. మా కొట్టున్న చోట ఫోన్లు అమ్ముతున్నారు. మా ఊరు ఊరంతటికీ తెలియని సంగతి పాతికేళ్ల పిల్ల నవ్వుతూ చెప్పేస్తోంది. ఉండబట్టలేక నాన్న సంగతి చెప్పి, అప్పుడు ఇలా గ్లాసు ఎత్తనిచ్చి ఉంటే ఆ చెయ్యి దక్కేదా అని అడిగాను. ఆ అమ్మాయి నా బొటనవేలి మొదట్లో మెల్లగా నొక్కి చూసింది.

"అప్పటికే బాగా అరిగిపోయుంటదండి, చెప్పలేం. కానీ ఈ సగం గ్లాసు దగ్గర్నుంచే మొదలుపెట్టించేవాళ్లమండి."

రోజూ పొద్దున్నే సగం గ్లాసు నీళ్లు ఎత్తి, పది లెక్కపెట్టి, దింపుతున్నాను. నొప్పి తగ్గుతోంది. నా చేతిలోంచి ఎవరూ లాక్కోవడం లేదు.