మడిబట్టలో వడకట్టిన పెట్రోలు

నాగర్‌కర్నూలు బడిలో నేను పంతులుగా ఉన్న రోజులవి. యుద్ధం ఇంకా మొదలుకాలేదు. సెలవుల్లో పట్నం వెళ్లి సభల్లో అంటరానితనం మీద గంటలకొద్దీ వాదించి వచ్చేవాణ్ణి. ఇంట్లో మాత్రం అమ్మ మడికి అడ్డు చెప్పేవాణ్ణి కాదు. అది పిరికితనమని తెలిసే, ఇంటి శాంతి అని దానికి పేరు పెట్టుకున్నాను.

ఆ ఎండాకాలం పట్నం నవాబుల ఇంటి యువకుడొకడు సొంత విమానం నడుపుకుంటూ వచ్చి ఊరి బయటి బీడులో దిగాడు. ఇద్దరు మాత్రమే కూర్చునే చిన్న విమానం. విమానాన్ని అక్కడే వదిలి అచ్చంపేట అడవికి వేటకు పోతూ, బస్సులో వచ్చే పెట్రోలు డబ్బాలను ఎడమ రెక్కలోని టాంకులో పోయించమని నన్ను కోరాడు. ఒక మెత్తటి తోలుముక్క చేతికిచ్చి, గరాటులో అది పరిచి దాని మీదుగానే పొయ్యమన్నాడు. ఆ తోలు పెట్రోలును దిగనిస్తుంది, నీటిని ఆపుతుంది.

అంత పెద్ద గరాటు ఊళ్లో మా ఇంట్లోనే ఉంది. ఇత్తడిది. తోలు తగిలితే దాన్ని మళ్లీ గడప దాటనియ్యనంది అమ్మ. తన పాత మడిచీర చింపి నాలుగు మడతలు పెట్టి ఇచ్చింది. బట్టయితే ఏం, తోలయితే ఏం అనుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు. తగాదా తప్పించుకోవడానికి ఆ బట్టలోనే వడకట్టి పోయించాను.

అతను వేట నుంచి తిరిగి వచ్చిన మర్నాడే మా చెల్లెలికి కడుపునొప్పి ముదిరింది. దవాఖాన డాక్టరు చూసి, పేగుకు చీము పట్టిందని, అది పగిలేలోగా పట్నంలో కోత పెట్టించాలని చెప్పాడు. పొద్దున్నే పోయే బస్సు అప్పటికే పోయింది. నేను పరుగెత్తి వెళ్లి విమానం అతన్ని అడిగాను. రెండో మాట లేకుండా ఒప్పుకున్నాడు.

బండిలో పరుపు వేసి చెల్లెల్ని బీడుకు తెచ్చాం. అతను ఇంజను తిప్పాడు. పెట్రోలు ఎంత ఒత్తిడితో వస్తున్నదో చూపే ముల్లు ఒకచోట నిలవక పైకీ కిందికీ కొట్టుకుంటున్నది. ఆ ముల్లున్న గడియారం అద్దం మీద వేలితో తట్టాడు. లాభం లేదు. మీట తిప్పి కుడి టాంకుకు మార్చగానే ముల్లు కదలకుండా నిలిచింది. అంటే గడియారం మంచిదే, పంపూ మంచిదే, లోపం ఎడమ టాంకు వైపు. కుడి టాంకులో పట్నం దాకా చాలినంత పెట్రోలు లేదు.

ఆ వరుస చూసి ముచ్చటపడ్డాను. నేను సభల్లో చెప్పే పద్ధతి అదే. ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోవాలి. అప్పుడు అతను నా వైపు తిరిగాడు.

“మాస్టర్ సాబ్, తోలుల వడగట్టే పోసినరు గద?”

“ఆఁ” అన్నాను.

నా మాట నమ్మి అతను పెట్రోలును అనుమానించలేదు. గొట్టంలోకి ఎక్కడో గాలి పీలుస్తున్నదనుకున్నాడు. ఎడమ వైపు ప్రతి అతుకూ విప్పాడు, బిగించాడు, సబ్బు రాశాడు, మళ్లీ ఇంజను తిప్పాడు. ముల్లు అట్లాగే కొట్టుకుంది. ఎండ నెత్తికెక్కింది. బండి నీడలో చెల్లెలు మోకాళ్లు కడుపుకు ముడుచుకొని పడుకుంది. ఇంకెంత సేపని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగలేదు. అది చూశాక నాకు నోరు వచ్చింది.

“తోలు కాదు, బట్ట” అన్నాను.

అతను నన్ను తిట్టలేదు. “ఇది జర ముందుగాల చెప్తే అయిపోతుండె” అని మాత్రం అన్నాడు. టాంకు మొత్తం డబ్బాల్లోకి దించి అడుగున నలకల్ని ఆపే జాలీ ఊడదీశాడు. నూలు పోగులు ముద్దకట్టి ఉన్నాయి. జాలీ కడిగి, పెట్రోలంతా తోలులో మళ్లీ వడకడితే తోలు మీద నీళ్లు పూసల్లా నిలిచాయి. ముల్లు నిలిచేసరికి పొద్దు వాలింది. ఇద్దరం ఎత్తి చెల్లెల్ని కూర్చోబెట్టాం. నా చొక్కా పట్టుకున్న ఆమె వేళ్లను నేనే విడిపించాను.

మూడోనాడు మధ్యాహ్నం అతను మోటారు మీద వచ్చాడు. దారిలోనే చీము పగిలిందట. కోత పెట్టారు, తెల్లారేలోగా ప్రాణం పోయింది. పొద్దున్నే తెచ్చి ఉంటే బతికేదా అని అక్కడి డాక్టరును అడిగాడట. చెప్పలేనన్నాడట ఆయన.

అమ్మ అతన్ని ఒక్కటే అడిగింది, పైకి పోతుంటే పిల్ల భయపడిందా అని. లేదమ్మా, కండ్లు మూసుకునే ఉండె అన్నాడతను.

అతను పోయాక జాలీలో పోగుల సంగతి అమ్మకు చెప్పాను.

“నేను తోలు వద్దన్నందుకేనారా?”

“కాదమ్మా. నేను అబద్ధం చెప్పినందుకు.”

కారణం వెతకబోయినవాడు దొరికినవన్నీ బయట పెట్టాలని ఎన్ని సభల్లో అరిచానో. ఆ రోజు అమ్మకు రెండు కారణాల్లో నాదొక్కటే చెప్పాను.