ఎవరి ఆదేశానుసారం

హోం శాఖలో ఆమెకు ‘కామాగారు’ అని పేరు పడటానికి కారణం చిన్నదే. డిక్టేషన్ తీసుకున్న ఉత్తరాన్ని పైకి చదివి వినిపించేటప్పుడు కామాలు, ఫుల్‌స్టాపులతో సహా చదివేది. “తమరు తెలియజేసిన విషయం కామా పరిశీలనలో ఉన్నది ఫుల్‌స్టాప్” అనేది. కొత్తగా వచ్చిన అధికారులు ముందు నవ్వుకునేవారు. ఆ తర్వాత అలవాటు పడేవారు. బదిలీ అయ్యేనాటికి, ఇంట్లో భార్యతో కూడా అలాగే మాట్లాడుతున్నానమ్మా అని చెప్పి వెళ్లేవారు. ముప్పై ఒక్క ఏళ్లు అదే కుర్చీలో కూర్చుంది కామాగారు. రిటైరై పదకొండేళ్లు దాటినా, ఇప్పటికీ పొద్దున తొమ్మిదింటికల్లా రెండు వీధుల అవతల ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి, వెనక గదిలో నలుగురికి షార్ట్‌హ్యాండ్ నేర్పి పన్నెండింటికి తిరిగి వస్తుంది. ఇంట్లో ఒక్కతే. భర్త లెక్కల మాస్టారు. ప్రభుత్వం కూలిన వారంలో ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పోయాడు. అది జరిగి ఇది పంతొమ్మిదో ఏడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె చెల్లెలి కొడుకు వచ్చాడు. ముప్పై ఆరేళ్లు వచ్చి, ముందు జుట్టు పలచబడినా ఇంట్లో వాడింకా చిన్నోడే. ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తూ నవలలు రాస్తుంటాడు. చేతిలో మూడు వందల పేజీల కట్ట, దాని మీద క్లిప్పు పెట్టిన ఉత్తరం.

“చదువు పెద్దమ్మా, ఆవిడేం రాసిందో” అంటూ ఉత్తరం ఇచ్చాడు.

ప్రచురణ సంస్థలో సంపాదకురాలు రాసిన ఉత్తరం అది. నాలుగే వాక్యాలు. ‘కథ వేగంగా ఉంది. కానీ ప్రభుత్వం కూలడం అంటే ఇదేనా? ట్యాంకులు, హెలికాప్టర్లు అందరూ రాస్తారు. లోపల పనిచేసినవాళ్లను ఎవరినైనా అడిగారా?’

“నాకెవరు తెలుసు లోపల, నువ్వు తప్ప?” అన్నాడు చిన్నోడు. “నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. తొమ్మిది రోజులు క్లాసులు లేవని సంబరపడ్డాం. అంతే తెలుసు.”

కామాగారు కట్ట తీసుకుంది. ఎర్ర పెన్సిల్ దగ్గర పెట్టుకుని వారం రోజుల్లో పూర్తి చేసింది. మళ్లీ ఆదివారం చిన్నోడు వచ్చేసరికి పేజీలన్నీ ఎరుపెక్కి ఉన్నాయి.

“నీ నవల్లో హోం మంత్రి తన ఫోను తనే ఎత్తుతున్నాడేంట్రా?”

“ఎత్తడా?”

“జన్మలో ఎత్తడు. పీఏ ఎత్తుతాడు. ఆ రోజు పీఏ రాలేదు. అందుకని ఫోను మోగుతూనే ఉంది. మధ్యాహ్నానికి మా సూపరింటెండెంటు లోపలికెళ్లి, ఫోను మీద కుషన్ పెట్టి వచ్చాడు.”

చిన్నోడు గబగబా నోట్‌బుక్ తీశాడు. తర్వాత రాసుకోవడం కుదరదని సెల్‌ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బల్ల మీద పెట్టాడు. నువ్వు చెప్పుకుంటూ పో పెద్దమ్మా, నేను మధ్యలో నోరెత్తను అన్నాడు. అయిదు నిమిషాలకోసారి ఎత్తుతూనే ఉన్నాడు.

ఆమె చెప్పింది. డిక్టేషన్ చదివి వినిపించే గొంతుతోనే చెప్పింది, కామాలు లేవంతే.

సోమవారం పొద్దున అధ్యక్షుడు దేశం వదిలి పోయాడని తెలిసింది. ఆఫీసుకు వెళ్లొద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి అందరూ వెళ్లారు. హాజరు పట్టీలో సంతకాలు పెట్టారు. బంట్రోతు గోడ మీది ఆయన ఫొటో దించాడు. మంగళవారం ఇద్దరు పెద్దమనుషులు ఎవరికి వారు నేనే అధ్యక్షుణ్ని అని రేడియోలో చెప్పుకున్నారు, ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం. బుధవారం బంట్రోతు రెండు ఫొటోలు చంకలో పెట్టుకుని వచ్చి, “అమ్మా, ఎవర్ని తగిలించమంటారు?” అని అడిగాడు. ఆమెకు తెలియదు. పైవాళ్లకూ తెలియదు. గోడకి మేకు అలాగే ఉండిపోయింది.

“కాల్పులు?” అన్నాడు చిన్నోడు.

“దూరంగా ఒకసారి వినిపించాయి. టపాకాయలనుకున్నాం. టీ మాత్రం రోజూ వచ్చింది. క్యాంటీన్ అతని దగ్గర పాలపొడి ఉంది.”

“మరి పనేం చేసేవారు?”

“సెలవు చీటీలు టైపు చేసుకున్నాం. ఒకాయన తన కూతురి అడ్మిషన్ దరఖాస్తు చేయించుకున్నాడు. ఉత్తర్వులు రాలేదు కదా, ఉత్తర్వులు లేకపోతే మాకు పనేముంది?” కాస్త ఆగింది. “ఒక్కటి వచ్చింది. డీజిల్‌ది.”

ఆ వారం డీజిల్ మొత్తం హోం శాఖ అధీనంలోకి వెళ్లింది. డిపో నుంచి ఒక్క పీపా కదలాలన్నా శాఖ ఉత్తర్వు ఉండాలి. నగరంలో కరెంటు వచ్చిపోతుండటంతో జనరేటర్లకు డీజిల్ కావాలని ఏడు ఆసుపత్రుల నుంచి అర్జీలు వచ్చాయి. కార్యదర్శిగారు ఆమెను పిలిచి ఉత్తర్వు చెప్పారు. ఆమె టైపు చేసి తీసుకెళ్లింది. అలాంటి ప్రతి ఉత్తర్వు కిందా ఒక వరుస ఉంటుంది, ‘అధ్యక్షుల వారి ఆదేశానుసారం’ అని. దాని కింద కార్యదర్శి సంతకం. ఆయన కలం మూత తీసి, ఆ వరుస దాకా వచ్చి ఆగిపోయారు.

“ఏ అధ్యక్షుల వారమ్మా?” అన్నారు.

ఆమె ఏం చెబుతుంది? ఆయన కలం మూత పెట్టేశారు. రేపటికి తేలుతుంది, మీ దగ్గరే ఉంచండి అన్నారు. రేపటికి తేలలేదు. ఆ తర్వాతి రోజూ తేలలేదు. రోజూ పొద్దున ఆమె కాగితం పట్టుకుని లోపలికి వెళ్లేది, ఆయన చదివేవారు, తిరిగి ఇచ్చేసేవారు. తప్పు అధ్యక్షుడి పేరు మీద సంతకం పెట్టినవాడికి ఉరి తప్పదని బయట అనుకుంటున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ నాలుగు రోజుల్లో అన్నం సహించక బాగా చిక్కిపోయారు.

చిన్నోడికి కాలు నిలవలేదు. లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. “పెద్దమ్మా, బంగారంలాంటి విషయం ఇది! కింద ఎవరి పేరు వేయాలో తెలియకపోవడం. అంతే, ప్రభుత్వం కూలడమంటే అదే! ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“నువ్వడగలేదు.”

“ఆ కాగితం చివరికేమైంది?”

“నా దగ్గరే ఉండిపోయింది. పదో రోజున కొత్త ప్రభుత్వం వచ్చాక, అవసరం తీరిందని రాసి ఫైల్లో పెట్టాం.”

“మరి ఆసుపత్రుల్లో... ఎవరికైనా ఏమైనా అయిందా?”

“ఏడు ఆసుపత్రుల పేర్లు టైపు చేశాను. మూడోది మీ పెదనాన్న ఉన్నది.”

చిన్నోడు నిలబడ్డ చోటే నిలబడిపోయాడు.

“శ్వాస మిషను మీద ఉన్నారు. శనివారం మూడు గంటల పది నిమిషాలకి కరెంటు పోయింది. జనరేటర్ అప్పటికే ఆగింది. నర్సు చేత్తో గాలి బుడగ నొక్కుతూ కూర్చుందట, పాపం. వార్డులో మిషన్ల మీద పదకొండు మంది, నర్సులు ఇద్దరు. నాకు అయిదింటికి ఫోనొచ్చింది, ఆఫీసు వదిలే వేళకి.”

“పెదనాన్న అక్కడే ఉన్నారని ఆయనకి చెప్పావా? కార్యదర్శికి?”

“బుధవారమే చెప్పాను. నాకు తెలీదనుకున్నారా అమ్మా అన్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు.”

చిన్నోడు చెయ్యి చాచి రికార్డింగ్ ఆపేశాడు.

“ఆపావేం? రాసేటప్పుడు కావాలి కదా” అంది కామాగారు.

ఆమె అలా ఎలా అనగలిగిందో చిన్నోడికి అర్థం కాలేదు. ఆమెకు మాత్రం అందులో వింత కనిపించలేదు. ఆ శనివారం ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నప్పుడే లోపల ఏదో మొద్దుబారింది. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్లు ఎదురుచూసింది. తర్వాత ఎదురుచూడటమూ మానేసింది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన దవడలా, ఉందని తెలుస్తుంది, కొరికినా నొప్పి తెలియదు.

చిన్నోడు వెళ్లి ఆరు నెలలు కూర్చుని నవలంతా తిరగరాశాడు. హెలికాప్టర్లు తీసేశాడు. హోం శాఖలో ఒక స్టెనోని పెట్టాడు, ఆమె భర్తని ఆసుపత్రిలో పెట్టాడు. ప్రతి రెండు వారాలకీ వచ్చి సందేహాలు అడిగేవాడు. ఉత్తర్వుకి ఎన్ని కార్బన్ ప్రతులు? ముద్ర ఎవరి దగ్గర ఉంటుంది? బీరువా తాళం? ఆమె అన్నీ చెప్పేది. “మూడో ప్రతి మసగ్గా వస్తుంది, అది రాయి, నమ్ముతారు” అని తనే ఒకసారి సలహా కూడా ఇచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు చిన్నోడు వచ్చి, మంచినీళ్లు రెండు గ్లాసులు తాగి కూర్చున్నాడు.

“ఏమంది మీ సంపాదకురాలు?” అంది కామాగారు.

“బాగుందంది. చాలా బాగుందంది. ఒక్క చోట తప్ప.”

“ఎక్కడ?”

“వదిలేయ్ పెద్దమ్మా, నేను ఏదో ఒకటి చేస్తాలే.”

“నాకు తెలిసిన సంగతైతే చెబుతాను. అడుగు.”

వాడు ఉత్తరం తీసి, తను చదవకుండా బల్ల మీద ఆమె వైపు జరిపాడు. కామాగారు కళ్లజోడు పెట్టుకుని చదివింది. ‘ఉత్తర్వు ఆమె చేతిలో ఉంది. ముద్ర ఆమె బీరువాలోనే ఉంది. ఆ అధికారి సంతకాన్ని ఆమె ఏళ్ల తరబడి చూస్తోంది. భర్త చావుబతుకుల్లో ఉన్నాడు. ఆ సంతకం ఆమే పెట్టేసి పంపించదా? నాలుగు రోజులు ఊరికే ఉంటుందా? ఏ పాఠకుడూ నమ్మడు.’

ఆమె ఉత్తరాన్ని మడత ప్రకారం మడిచింది.

“న్యాయంగానే అడిగింది” అంది.

“పెద్దమ్మా, నేనేదో కారణం కల్పిస్తాను. పక్కన కాపలా మనిషి ఉన్నాడనో...”

“ఎవరూ లేరు.”

“పోనీ, నువ్వు భయపడ్డావని...”

“భయపడలేదురా. ఆ ఆలోచనే రాలేదు.” తనకి తనే సరిచూసుకుంటున్నట్టు మళ్లీ అంది. “రాలేదు. సంతకం ఆయనది. టైపు నాది. అంతే అనుకున్నాను.”

చిన్నోడు తల వంచుకున్నాడు. అది రాస్తే ఎవరూ నమ్మరని వాడికి తెలుసు. ఆమెకూ తెలుసు.

“నీ స్టెనో చేత పెట్టించు” అంది కామాగారు. “కథ నడుస్తుంది.”

అలాగే పెట్టించాడు. ప్రూఫులు వచ్చినప్పుడు ఆ అధ్యాయం ఆమెకే పంపాడు. పుస్తకంలో స్టెనో శుక్రవారం పొద్దున కలం తీసి, చెయ్యి వణకకుండా సంతకం పెట్టి, ముద్ర వేసి, ఉత్తర్వును తనే డిపోకి పట్టుకెళుతుంది. జనరేటర్ మొదలవుతుంది. భర్త బతుకుతాడు. కామాగారు రెండుసార్లు చదివింది. ఉత్తర్వు సంఖ్య వేసిన పద్ధతి తప్పు, దిద్దింది. రెండు కామాలు చేర్చింది. తర్వాత ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి, ఏదో చూద్దామన్నట్టు, కార్యదర్శిగారి సంతకం పెట్టింది. పొడుగాటి మొదటి అక్షరం, మధ్యలో ముడి, చివర కిందికి లాగిన గీత. ఒక్కసారికే వచ్చింది. దాన్ని కాసేపు చూసింది. ప్రూఫుతో పాటు అదీ వెళ్లిపోతుందని గుర్తొచ్చి, రబ్బరుతో చెరిపితే ఇంకు పోదు కాబట్టి, ఆ పేజీని శుభ్రంగా వేరే కాగితం మీద ఎత్తి రాసి పంపింది.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. పత్రికలు ‘కళ్లకు కట్టినట్టు ఉంది, ప్రతి వివరం నమ్మించేలా ఉంది’ అని రాశాయి. ఆ సంతకం ఘట్టం దగ్గర ఒళ్లు గగుర్పొడిచిందని చాలామంది చెప్పారు. చిన్నోడు మొదటి పేజీలో ‘పెద్దమ్మకి’ అని వేశాడు. ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండ్ నేర్చుకునే అమ్మాయి ఒకతె పుస్తకం తెచ్చి, మేడమ్, ఈ పెద్దమ్మ మీరేనట కదా అంటే, అవును, ఆరో పాఠం తియ్యి అంది.

రెండు నెలల తర్వాత, పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుండగా ఫోన్ మోగింది. ముసలి గొంతు. పేరు చెప్పకముందే గుర్తుపట్టింది, కార్యదర్శిగారు.

“కామాగారేనా అమ్మా?”

“నేనేనండీ. ఎలా ఉన్నారు సార్?”

“ఎనభై మూడు వచ్చాయి. కళ్లు కనబడవు. మనవరాలు చదివి పెట్టింది ఆ పుస్తకం.” ఆయాసం తీర్చుకున్నారు. “మీరు నిజంగా ఆ సంతకం పెట్టి ఉంటే నేను కాదనేవాణ్ని కాదమ్మా. నాదేనని చెప్పేవాణ్ని. ఆ కాగితం రోజూ మీకే ఎందుకు తిరిగి ఇచ్చాననుకున్నారు? మీరు పెడతారేమోనని చూశాను.”

కామాగారు తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన నిజంగా ఆ రోజుల్లోనే అలా అనుకున్నారో, లేక మనవరాలు పుస్తకం చదివి పెట్టాక, అలా అనుకుని ఉంటే బాగుండునని ఇప్పుడు అనుకుంటున్నారో ఆమెకు తెలియలేదు. ఆయనకే తెలుసో లేదో. రెండూ నమ్మేలాగే ఉన్నాయి.

“నాకు తెలియలేదండీ” అంది.

“నేను నోరు విప్పి చెప్పలేదు కదమ్మా.”

“లేదండీ.”

“ఉంటాను మరి” అన్నారాయన.

“మంచిదండీ. ఆరోగ్యం చూసుకోండి.”

ఆ రోజు ఇన్‌స్టిట్యూట్‌కి అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది. నలుగురికీ డిక్టేషన్ ఇచ్చింది, నిమిషానికి ఎనభై మాటలు. ఎవరూ తేడా గమనించలేదు, గమనించడానికి తేడా ఏమీ లేదు.

సాయంత్రం చిన్నోడు ఫోన్ చేశాడు. రెండో ముద్రణ వేస్తున్నారట. “ఏవైనా మార్పులుంటే ఇప్పుడే చెప్పమంటున్నారు పెద్దమ్మా. ఇంకేమైనా గుర్తొచ్చాయా? కొత్త సంగతులు?”

“ఏమీ లేవురా” అంది కామాగారు. “నీ భార్యకి జ్వరమన్నావు, తగ్గిందా?”

“తగ్గింది.”

“నాలుగు రోజులు పనులు చేయనివ్వకు. మళ్లీ తిరగబెడుతుంది.”

వాడు సరేనన్నాడు.